తిప్పక్క ఎన్‌క్లేవ్

ధర్మవరం రోడ్డులో మా కాలనీ.
గేటు మీద పేరుంది,
మనిషెవరో బ్రోచర్లో లేదు.

వాచ్‌మన్ నాగన్న చెప్పినాడు:
"మేక కూడా నోరుపెట్టని బీడు సామీ ఇది.
మొగుడు సచ్చిన ఏడు
గడ్డపార తెచ్చుకొని దిగింది.
రాయి తీసేది, గంప మోసేది,
మళ్ళా రాయి.
పట్టాకని కొలవొచ్చిన సర్వేయరు
'భూమి యాడుందమ్మా?' అన్న్యాడంట.
'రాళ్ల కింద' అనిందంట."

ఆ రాళ్లే మా కార్ల షెడ్డు వెనక గోడ.
సున్నం లేదు, సిమెంటు లేదు.
మొన్నటి వానకు
కొత్త కాంపౌండు రెండుచోట్ల కూలింది.
ఇది కదల్లేదు.

మీటింగులో దాన్ని కొట్టేద్దామన్నారు,
ఇంకో ఆరు కార్లు పడతాయని.
నేను చెయ్యెత్తలేదు.

సాయంత్రం
కరివేపాకు మొక్కకని తవ్వితే
జానెడు లోతులో
ఖంగుమంది పార.

ఒకటి మిగిల్చిపెట్టింది
నాకు, తిప్పక్క.