నాలుగు కాళ్ళూ నేలమీద

బొరుగు అని పేరు పెట్టింది మా చిన్నోడు.
కాలిన ఇసకలో పడ్డ గింజ
ఉన్నట్టుండి తెల్లగా విచ్చి ఎగిరినట్టు
వాకిట్లో చెప్పుల సప్పుడైతే చాలు,
ఎగురుతాది.

పాలాయన పంచె మీద రెండు పాదాలు.
కరెంటు రీడింగు తీసే మద్దిలేటి
ప్యాంటు మీద రెండు.
చీటీ డబ్బులకొచ్చిన సుంకులమ్మ
పెట్టిన కేకకు
మగ్గంగుంతలో మా ఆయన చేతిలో నాడె జారి
ఒక పేక తప్పింది.
అంతవరకూ నవ్వినాం.

షావుకారు గుమాస్తా వచ్చిన రోజు
నవ్వలేదు.
ఇరవై రెండు దినాలు నేసిన చీర,
అరిటాకు పచ్చకు మామిడిపండు అంచు,
ఆయన చేతుల మీద మడత విప్పుకోని ఉంది.
అప్పుడే వానలో తిరిగొచ్చిన బొరుగు
ఇంత మంచి మనిషిని
పుట్టినకాణ్ణుంచి చూడనట్టు
ఎగిరింది.
కొంగు మీద బురదపూలు రెండు,
ఏ డిజైను అట్టలోనూ లేనివి.
కూలిలో ఎనిమిదొందలు కోత.

మా ఆయన చీపురు తీసినాడు.
"గోనెసంచిలో ఏసి
చిత్రావతి అవతల ఇడిసిపెట్టి రాపో"
అనింది మా యత్త.
చిన్నోడు ఆ రాత్రి కంచం ముట్టలేదు.

పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి
దిగిపోయిన దస్తగిరి మామను పిలిపిస్తి.
అది ఆయన మీదికీ ఎగిరింది.
తిట్టలేదు. కొట్టలేదు.
వీపు తిప్పి నిలబడినాడు
మబ్బుల్లో ఏదో లెక్క చూస్తాండట్టు.
"కొట్టినా నువ్వు పలికినట్టేనమ్మా,
అరిచినా పలికినట్టే.
పలకొద్దు.
నాలుగు కాళ్ళూ నేలకానినాక
అప్పుడు పలుకు."
జేబులోంచి శెనక్కాయ గింజ తీసి
పొట్టు ఊది
దాని ముందర పెట్టినాడు.

మొదటిరోజు పదకొండుసార్లు వీపు తిప్పినాను.
కుచ్చిళ్ళు పట్టి లాగింది.
చూపు కూడా ఇయ్యకూడదంట.
చూడకుండా ఉండేది ఇంత కష్టమని
నాకెవరూ చెప్పలేదు.

దానికి నేర్పొచ్చు.
సుంకులమ్మ కూతురు "అయ్యో పాపం" అని
ఒక్కసారి ఎత్తుకుంటే
నాలుగు దినాల పని
చిక్కుపడిన పడుగు.
బడినుంచి వస్తానే మా చిన్నోడు
దానికంటే ముందు ఎగురుతాడు.
ఇద్దరికీ ఒకటే మాట, గమ్మునుండు.
ఇద్దరికీ అవే శెనక్కాయలు.

సంతనుంచి సంచి మోసుకోని నేనొస్తే
ఈ ఇంట్లో ఎవరూ తల ఎత్తరు.
మగ్గం చప్పుడు మగ్గానిదే.
ఎగిరేది అదొక్కటే.
దాన్నీ మాన్పిస్తాంటినే అని
ఒక రాత్రి రొంతసేపు నిద్ర పట్టలేదు.

ముప్పయ్యో రోజో, ముప్పై రెండో.
మద్దిలేటి గేటు తీసినాడు,
ఎప్పటిలాగే ఒక కాలు అడ్డం పెట్టుకోని.
బొరుగు పరిగెత్తింది.
ఆగింది.
కూకుంది.
కూకోవడమంటే కూకోవడం కాదు.
మూతినుంచి తోకదాకా వణుకు.
నాపరాతి మీద దుమ్మంతా తోకే ఊడుస్తాంది.
ముందుకాళ్ళు ఒకటి మార్చి ఒకటి,
ఎసరు కాగేటప్పుడు గిన్నె మీద మూత.
లోపల ఎగిరేదంతా ఎగురుతానే ఉంది,
నేల మాత్రం వదల్లేదు.

మద్దిలేటి అడ్డంపెట్టిన కాలు అట్లే ఉంది.
"ఏమైందక్కా దీనికి,
ఒంట్లో బాగలేదా?"
బిల్లు మిషను చంకలో పెట్టుకోని
చుట్టూ ఒకసారి చూసి
ఆర్నెల్లుగా తిట్టుకుంటా వచ్చిన మనిషి
మోకాళ్ళు మడిచి
దాని ఎత్తుకు దిగినాడు.
ఖాకీ ప్యాంటుకు దుమ్మైంది.
దులుపుకోలేదు.

బిల్లు ఏడొందల నలభై.
"ఎవరన్నా వచ్చినారా?
ఎవరూ అరవలేదే"
అన్నాడు గుంతలోంచి మా ఆయన.
వచ్చినారు అన్నాను.

దానికియ్యాల్సిన గింజ నా పిడికిట్లోనే ఉండిపోయింది,
చెమటకు మెత్తబడి.
సగం దానికి పెట్టి
సగం నేను తింటి.