మనిషి కంటే ముందు మోత

విడవలూరు కాలవ కట్ట మీద
మా రింగు, వరిగడ్డి వామి.
తాళ్ళు లేవు, రెఫరీ లేడు,
కొత్త గడ్డికి వొళ్ళంతా దురద.
ఇంకేం ఉండేదంటే, నా నోరు.

నేను బక్కోణ్ణి. పడితే లేవనని
కుస్తీకి రానిచ్చేవాళ్ళు కాదు.
"నువ్వు మ్యూజిక్ కొట్రా పోలిగా" అన్నారు.
కొట్టినా.

రాత్రి కేబుల్లో చూసింది
తెల్లారేసరికి నోట్లో పులిసి పొంగేది.
ముందర ఒక మోత,
దానికి వేల మంది ఒక్కసారే కేక.
మనిషింకా కనపడడు.
కనపడే లోపలే సగం గెలిచి ఉంటాడు.
ఆ కిటుకు నాకు తొమ్మిదో ఏటే తెలిసిపోయింది.

పెంచలయ్యకి వాళ్ళ నాయన ఆయిలింజను కట్టినా.
డుగ్…
డుగ్… అందుకోదు, మళ్ళీ డుగ్,
మధ్యలో హ్యాండిలు తిప్పేవోడి బూతు సన్నంగా ఒకటి,
ఇంక అందుకున్నదంటే
వాడు గట్టు దిగి వామెక్కేదాకా ఊపిరి తియ్యకుండా నేను.
వాడి నడక బో తమాషా,
నిక్కరేసుకుని పంచె ఎగ్గట్టినట్టు.
కాదరుకి ఐసు బండి హారను,
సగం బెదిరింపు సగం నోరూరింపు.
చెంచురామిరెడ్డి రెండు అప్పచ్చులు చేతిలో పెట్టి
నాకు పిడుగు కావాల్రా అన్నాడు.
పిడుగు నోటికి రాలా.
చెంబు తీసి తూము రాయికేసి కొడితే వొచ్చింది.
చెంబు సొట్ట చూసి మా అమ్మ
నా వీపు మీద ఇంకొకటి కట్టింది.

మ్యూజిక్ లేకుండా ఎవుడూ దిగకూడదు, అదొక్కటే రూలు.
ఒకసారి జొరమొచ్చి నేను పోలేదు.
ఆరోజు కుస్తీ జరగలేదంట.
కాసేపు ఊరికే కూచ్చొని ఈతకి పొయినారంట.
దుప్పట్లో ఎంత పొంగిపొయినానో
ఇప్పటిదాకా ఎవురికీ చెప్పలా.

ఇప్పుడు నాది మైకుసెట్టు.
ఎనిమిది బాక్సులు, ఒక ల్యాప్‌టాపు, బ్యాంకులో బాకీ.
కోవూరు నించి మైపాడు దాకా
పెండ్లికొడుకు హాల్లోకొస్తుంటే లైట్లార్పించేది నేనే.
రొయ్యల గుంట మునిగిపోయినోడికైనా
బేసు రొమ్ముకి తగిలిందంటే
భుజాలు వాటంతటవే లేస్తాయి.
ముందరున్న జనానికి మీసం కనపడద్ది.
బాక్సుల వెనక నిలబడ్డ నాకు
మెడ, మెడ మీద చెమట.

మొన్న బుచ్చిలో కుస్తీ షో పెట్టినారు, టిక్కెట్టు రెండొందలు.
మదరాసు నించి ఆరుగురు దిగినారు.
ఒకడు మొఖమంతా పులి రంగేసుకుని
తెర వెనక స్టూలు మీద పెరుగన్నం తింటా
నన్ను పిలిచినాడు.
"అన్నా, పాట తొందరగా తగ్గించొద్దు.
మోకాలు బాలేదు.
ఆ మెట్లు దిగేదానికి నాకు టైం పడద్ది."

తగ్గించలా.
గర్జన ముక్క ఒకటే పట్టుకుని
తిప్పి తిప్పి వేసినా, వాడి చెయ్యి తాడుకి అందేదాకా.
జనం అదంతా బిల్డప్ అనుకుని
కుర్చీలెక్కి ఈలలు.

వాడు ఓడిపొయినాడు.
ఓడిపోవాలని ముందే మాట్లాడుకుని ఉంటారంట.
ఓడినోడికి పాట లేదు,
గెలిచినోడిదే వెయ్యాల, అది ఎక్కడైనా రూలే.
అది కూడా అయిపోయినాక
ఉత్త కాళ్ళతో నా పక్కనించే లోపలికి పొయినాడు.
చెక్కల మీద
ఒక అడుగు, ఒక ఈడ్పు,
ఒక అడుగు, ఒక ఈడ్పు.

ఇల్లు చేరేసరికి రెండు దాటింది.
సందు మొదట్లోనే ఆటో ఇంజను ఆపేస్తా,
పిల్ల లేస్తదని.
అక్కణ్ణించి తోసుకుంటా రావడమే.
కుక్క కూడా తలెత్తి చూసి మళ్ళీ పడుకుంటది.
ఆ రాత్రి తోస్తా తోస్తా
నోరు దానంతటదే మొదులుపెట్టింది.
ఒక అడుగు.
ఒక ఈడ్పు.