తవుడు పోసి కొన్నది

తిత్లీ గాలి టెక్కలి మీద పడిన రాత్రి
ఆసుపత్రి జనరేటరు రెండుసార్లు దగ్గి ఊరుకుంది.
లేబరు రూములో నా సెల్లే దీపం.
బిడ్డ అప్పటికే వచ్చేసింది, ఏడ్చింది కూడా.
మేం కాచుకున్నది మాయ కోసం.

పైన గాలి రేకుల్ని పీకుతోంది.
ఆయా తవిటమ్మ ఆ పిల్ల పొత్తికడుపు మీద చెయ్యేసి
"దిగవే తల్లీ, నీ పని అయిపోనాది" అని
అలిగిన ఆడపడుచుని బతిమాలినట్టు బతిమాలింది.

దిగింది.
స్టీలు ట్రేలో అరకేజీ వెచ్చదనం.
తిప్పి చూశాను, ముక్కేదైనా లోపల ఉండిపోయిందేమో అని.
ఒక పక్క నీలి నరాలు, వేర్లు పరుచుకున్నట్టు.
రెండో పక్క వాన పడ్డ దుక్కి.
ఇరవై రెండేళ్లుగా చూస్తున్నాను దీన్ని.
తూచాను, రాశాను, పసుపు సంచిలో వేశాను.
నువ్వు ఎవరి తాలూకు అని ఏనాడూ అడగలేదు.

నాలుగేళ్ల తర్వాత విశాఖలో ట్రైనింగు.
భోజనాల తర్వాతి క్లాసు, సగం మంది కునుకులో.
కుర్ర డాక్టరమ్మ తెర మీద బొమ్మ వేసి చెప్పింది:
కోట్ల ఏళ్ల కిందట ఏదో వైరస్
ఏదో బొచ్చుజంతువు బీజంలోకి చొరబడిందట.
కణం గోడకి తన గోడ అంటించి
రెండింటినీ ఒకటి చేసి లోపలికి దూకడం దాని విద్య.
దూకింది.
బయటికి దారి మర్చిపోయింది.
ముక్కుతో పాటు, చెవులతో పాటు
పిల్లలకీ, వాళ్ల పిల్లలకీ అదీ వచ్చింది.
సరంజామా అంతా తుప్పు పట్టింది గానీ
అంటించే విద్య ఒకటి మిగిలింది.

దాంతోనే ఇవాళ్టికీ
మాయ తన కణాల మధ్య గోడలు కూల్చుకుని
కుట్టు లేని ఒకే పొర అవుతుందట.
తల్లి తాగిన చోడంబలి ఆ పొర దాటి బిడ్డకి చేరుతుంది.
నెత్తురు నెత్తురుని తాకదు.

ఆవుకి వేరే దొంగ, కుక్కకి వేరే దొంగ.
ఎవరింట్లో దూరినవాడు వాళ్లింటి మంత్రసాని.
కోడికి ఈ గొడవే లేదు,
గుడ్డు పెట్టి, అరిచి, లేచి పోతుంది.

వాళ్లిచ్చిన సమోసా రుమాల్లో చుట్టుకుని బస్సెక్కాను.

నైటు డ్యూటీలో తవిటమ్మకి చెప్పాను.
కొవిడ్ వార్డు తలుపుకి తాళం వేలాడుతున్న రోజులు.
వైరస్ అనగానే కొంగు ముక్కు మీదికి లాక్కుంది.
"నా పెనిమిటిని తీసుకుపోనాది ఆ జాతే గదమ్మా" అంది.
అది వేరే జాతి అని చెప్పబోయి ఊరుకున్నాను.

బెడ్ షీట్లు మడతపెట్టింది. బకెట్టు నింపింది.
చాలాసేపటికి,
నా వంక చూడకుండా:

"నాకు ముందు ముగ్గురు పోనారు.
నాను పుట్టగానే మాయమ్మ నన్ను చేటలో ఎట్టి
పెంటకుప్ప మీద ఒగ్గేసినాదంట.
ఎదురింటి గవరమ్మ ఎత్తుకుని, నా గుంటే అన్నాదంట.
మానెడు తవుడు పోసి
మాయమ్మ మళ్లీ కొనుక్కున్నాదంట.
పరాయి పిల్లయితే సావు కంట పడదని.

ఇదీ అంతే అయ్యుంటాది.
ఎవులో తవుడు పోసుంటారు."

అప్పుడు గుర్తొచ్చింది.
తిత్లీ మర్నాడు రోడ్లకి అడ్డంగా కొబ్బరిచెట్లు.
పసుపు సంచులు పట్టుకెళ్లే బండి మూడురోజులు రాలేదు.
తవిటమ్మ ఆసుపత్రి వెనక గొయ్యి తీసింది.
రూలు ఒప్పుకోదు. నేను గేటు వైపు చూస్తూ నిలబడ్డాను.
పూడ్చే ముందు
కొంగుముడి విప్పి గుప్పెడు ఏదో చల్లింది.

ఉప్పు అనుకున్నాను.