గుడ్డు బాకీ

గోపాలపూర్ లైట్‌హౌస్ కింద, ఇసుక మొదలయ్యే చోట
మా గురమ్మత్త వేపుళ్ల బండి.
టైగర్ రొయ్యి, పండుగప్ప ముక్క, రేవులో బేరమాడి తెచ్చిన పీత.
పదడుగుల దూరంలో కుంతళా మావుసి పకోడీ బండి.
ఎనిమిది నెలలుగా ఇద్దరికీ మాటల్లేవు.
తుపానుకి ఎగిరిపోయిన నీలం టార్పాలిన్లు రెండు.
దొరికింది ఒకటే.

ఆ శనివారం కలకత్తా కుటుంబమొకటి వచ్చి
రొయ్యలతో పాటు తెల్ల సాస్ అడిగింది.
సీసాలోది వద్దట, చేసింది కావాలట.
అత్త లేదనదు. లేదన్న మాట బండికి అరిష్టం.
నాలుగేళ్ల కిందట లాడ్జిలో అంట్లు తోముతూ
వంటవాడు బిపిన్ చేస్తుంటే ఓరకంట చూసిందట.
బిపిన్ ఇప్పుడు సూరత్‌లో మరమగ్గం మీద.
అడుగుదామంటే లేడు.

తడిగుడ్డ చుట్ట మీద గిన్నె. గిన్నెలో పచ్చసొన.
"ఓలమ్మీ, నూని పొయ్యి. సుక్కసుక్కా. కంగారుపడకు."
నేను పోస్తున్నాను, అత్త గిలకొడుతోంది.
పసుపు తెల్లబడింది, తెలుపు చిక్కబడింది,
చెంచా వెళ్లిన చోట దారి మిగిలింది.
వెన్న కాదు, మీగడ కాదు,
మా ఇంట్లో పేరు లేనిదేదో పుట్టుకొస్తోంది.
అప్పుడు కలకత్తా పిల్ల ఆకలని ఏడ్చింది.
నా చేతిలో చుక్క ధారైంది.

"ఇరిగిపోనాది," అంది అత్త.

నేను ఒడియా బళ్లో చదివాను.
తెలుగు నోటికి ముందే వచ్చు, కంటికి ఆలస్యంగా వచ్చింది,
ఇచ్ఛాపురం బస్సుల బోర్డులు కూడబలుక్కుని.
మా ఇంట్లో పాలు విరుగుతాయి.
బళ్లో, బజార్లో అవే పాలు "ఛిండిగలా", చిరిగిపోతాయి.
విరిగింది ఎముకైతే అతుకుతుంది,
చిరిగింది గుడ్డయితే కుట్టు పడుతుంది.
పాలకి మాత్రం
రెండు భాషల్లోనూ ఏమీ లేదు.

అత్త గిన్నె ఎత్తింది, ఇసుకలో పారబొయ్యడానికి.

"ఫొపాడ నాహిఁ!"

పకోడీ బండి దగ్గర్నుంచి.
ఎనిమిది నెలల తర్వాత మొదటి మాట,
అదీ, పారెయ్యకు అని.
మావుసి వచ్చింది. ఒక చేతిలో జల్లిగరిటె, నూనె కారుతూనే ఉంది,
ఇంకో చేతిలో గుడ్డు, చంకలో కాసుంది సీసా.
వేరే గిన్నెలో కొత్త సొన, అర చెంచా కాసుంది.
ఆ ఆవఘాటుకి నా కళ్లు మండాయి, ఘాటుకే.
తర్వాత విరిగినదాన్నే పోయించింది నాచేత,
నూనె పోసినట్టు. చుక్క. ఆగు. చుక్క.
విరిగినది మళ్లీ విరగదా అని అడిగాను ఒడియాలో.
విరుగుతుంది, నువ్వు తొందరపడితే, అంది.

పెళ్లికి ముందు ఛత్రపూర్‌లో
ఎవరో పెద్ద ఆఫీసరు వంటింట్లో పనిచేసిందట మావుసి.
పక్కపక్క బండ్లు, పదకొండేళ్లు.
ఆ రోజే తెలిసింది మాకు.

అత్త నిమ్మకాయ పిండింది.
పచ్చిమిర్చి సన్నగా తరిగి నేను వేశాను, ఎవరూ చెప్పకుండానే.
ఇద్దరూ వేలు ముంచి రుచి చూశారు,
ఒకరు సముద్రం వైపు తిరిగి, ఒకరు రోడ్డు వైపు.

కలకత్తావాళ్లు రొయ్యలన్నీ తిన్నారు.
సాస్ సగం వదిలేశారు, ఆవ ఎక్కువైందని.
ఆ సగం నాది. గిన్నె కడగక్కర్లేకుండా పోయింది.

మర్నాడు అత్త నాచేత ఒక గుడ్డు పంపింది.
మావుసి తీసుకోలేదు.
టార్పాలిన్ మాట ఎవరూ ఎత్తలేదు.
"ఇంకోపాలి ఇచ్చిరా," అంది అత్త. ఆ మర్నాడూ అంతే.

ఇప్పుడు రోజూ బండి తియ్యగానే గుడ్డు పట్టుకుని
పదడుగులు నడుస్తాను,
పదడుగులు వెనక్కి,
పగలకుండా.