నాలుగు గంటల తేడా

రూవీలో, హమ్రియా సందులో, మూడో అంతస్తు గదిలో
మంచం ఒకటి, మనుషులం ఇద్దరం.
పగలు లింబాద్రిది, రాత్రి నాది.
నేను ఒరిగేసరికి దిండు ఇంకా వెచ్చగానే ఉండేది,
అతని తలనూనె వాసనతో.

ల్యాప్‌టాప్ కూడా అట్లే కొన్నాం,
వాదీ కబీర్ శుక్రవారం సంతలో.
నలభై రియాళ్లు, తలా ఇరవై.
మూత మీద ఎవరి పిల్లలో అంటించిన చేప బొమ్మ
గోకినా పోలేదు, వదిలేశాం.

నాకు విండోస్ కావాల.
పైపుల గోడౌన్ లెక్కంతా అందులోనే,
మోచేతులెన్ని, టీలెన్ని, గ్రీజు డబ్బాలెన్ని.
లింబాద్రికి లైనక్స్ కావాలె.
ఆస్పత్రి సర్వర్ గదిలో రాత్రంతా నేల తుడుస్తూ
సూడాన్ ఇంజినీరు నల్లతెర మీద
తెల్లక్షరాలు కొట్టడం చూసొచ్చాడు.
"గాయన మౌసే ముట్టడు మస్తానన్నా.
మాట చెప్తడు, గది ఇంటది."

శుక్రవారం, ఇద్దరం మెలకువగా ఉండే ఒకే ఒక్క పూట,
ఇంజినీరిచ్చిన పెన్‌డ్రైవ్ గుచ్చి కూర్చున్నాం.
డిస్క్‌ని ఎట్లా పంచుకుంటారని అడిగింది మిషను.
నడుమ ఒక గీత, అటూ ఇటూ జరపొచ్చు.
గట్టు జరపడంలో చేయి తిరిగిన వంశం మాది,
మా తాత ఏటా ఒక చాలు పక్కోడి చేలోకి దున్నేవాడు.
ఆ చెయ్యే మౌస్ మీద ఉంది.
లింబాద్రి చూశాడు, నవ్వాడు.
"అన్నా, గట్టు నడుమకు వెట్టు."
నూట అరవై, నూట అరవై.

ఆఖరి బటన్ దగ్గర నా గొంతు తడారింది.
నా సగంలో పెద్ద దర్గా ఉరుసు వీడియోలు,
ఇంకెక్కడా నకలు లేదు.
"పోతే?"
"పోదు. పోతే వారం దినాలు మంచం నీదే."
పోలేదు. ఆ వారం నాకు దక్కలేదు.

అప్పట్నుంచి మీట నొక్కితే రెండు వరుసలు, పది సెకన్లు.
ఎవరొచ్చారని లోపల్నుంచి అడుగుతున్నట్టు.
అతని వైపు నుంచి నా ఫైళ్లన్నీ కనిపిస్తాయి,
నా వైపు నుంచి అతని సగం గోడ.
నొక్కితే ఒకటే మాట:
ఈ డిస్క్ చదవలేకున్నాను, ఫార్మాట్ చేయమంటారా?
ప్రతిసారీ గుండె జారేది. వద్దు, వద్దు.

అసలు తగువు గడియారంతో వచ్చింది.
అతను వాడి మూసిన రోజు నాకు నాలుగు గంటలు వెనక.
నేను సరిచేసి పడుకుంటే
తెల్లారి అతనికి నాలుగు గంటలు ముందు.
"నా టైము ఎందుకు కెలికినవ్?" "నువ్వు కెలికి నన్నంటావా?"
నెల రోజులు. ఒకసారి టీ గ్లాసు కూడా పగిలింది.
చివరికి సూడానాయన చెప్పాడంట,
లోపలి గడియారం ఒక్కటే, నాయనా,
ఒకటి దాన్ని మస్కట్ టైము అనుకుంటుంది,
ఇంకోటి గ్రీనిచ్ టైము అనుకుంటుంది.
ఎవరూ అబద్ధం చెప్పడం లేదు.
సరిచేసే మాట ఒకటుందట, ఒక్క లైను.
లింబాద్రి రాసుకొచ్చాడు, కొడతా కొడతా అన్నాడు, కొట్టలేదు.
నేనూ అడగలేదు.
టైము తప్పుగా ఉంటే
అతను పొద్దున వచ్చి పోయాడని తెలిసేది.

దుక్మ్ రేవులో పని దొరికింది అతనికి.
ఈసారి సర్వర్ గదిలో చేతిలో తుడుపుకర్ర లేకుండా.
ఇరవై రియాళ్లు ఇవ్వబోతే చెయ్యి మూసేశాడు.
"నా సగం తుడిచేస్కో అన్నా, నీకు జాగైతది."

మంచం ఇప్పుడు పగలూ నాదే, దిండు చల్లగా ఉంటుంది.
గడియారం నిమిషం తప్పడం లేదు.
గోడౌన్‌లో కొత్త సరుకు దిగింది, డిస్క్‌లో చోటు చాలడం లేదు.
ఫార్మాట్ చేయమంటారా?
వద్దు.

నిన్న రాత్రి తొమ్మిదికి మీట నొక్కి
పది సెకన్లు అయిపోకముందే
కింది వరుస మీదికి దిగాను.
అతని తెర వచ్చింది. పాస్‌వర్డ్ నాకు తెలీదు.
పైన గడియారం మాత్రం
ఒంటిగంట అంటోంది.