ఎడమ కమాను

బీట్ బజారు మూలమలుపులో
ముకుందదాస్ ఆడ్తి ముందు టేపు విప్పాను.
సందు వెడల్పు చేస్తారట.
ఎర్ర గీత ముందే గోడెక్కింది,
కొలతలు మాత్రం నేను రాయాలి.

మూడు కమాన్లు. నడిమి కమాను నెత్తిన
డంగుసున్నంతో తీర్చిన పత్తికాయలు,
పగిలి తెల్లగా నవ్వుతున్నవి రెండు.
పక్కన ముక్కు పోయిన చిలుక.
పదమూడు వందల నలభై ఐదు ఫసలీ అని ఉర్దూ అంకెలు.
ఆఖరి ఐదులోకి ఎవరో
రీచార్జి బోర్డు కోసం మేకు దించారు.

లోపల పదకొండు టేకు దూలాలు.
ఏడో దూలానికి కాంటా వేలాడిన కొక్కెం
ఇప్పటికీ కొంచెం
సేటు గద్దె వైపే మొగ్గి ఉంది.

సున్నం గట్టిదనం చూద్దామని గోరుతో గీకానో లేదో
తుమ్ములు. ఒకటి కాదు, ఏడు.
మార్కెట్టు ఎనుమాములకు తరలి ఎన్నేళ్లో,
మిర్చి ఘాటు మాత్రం ఇల్లు ఖాళీ చెయ్యలేదు.
"మాతోటి గోడ సుత దగ్గింది సారూ" అన్నాడు ఓదేలు.
ఒకప్పటి హమాలీ.
ఇప్పుడు అదే అరుగు మీద తాళాలు బాగుచేస్తాడు.

నడిమిది పదకొండడుగులు. కుడిదీ అంతే.
ఎడమది ఏడడుగుల మూడంగుళాలు.
'నిర్మాణ లోపాలు' అన్న గడిలో రాశాను:
ఎడమ కమాను పొట్టి, మేస్త్రి పొరపాటు కావచ్చు.

ఓదేలు కాగితం చదవలేదు, నా మొఖం చదివాడు.
లేచి, నడుము వంచి,
లేని బస్తాను వీపు మీదికి వేసుకుని
కమాను కిందికి నడిచాడు.

"మా నాయిన మీద బస్తా ఎక్కిచ్చి
మేస్త్రి జానలేసి కొలిసిండట.
గా ఎత్తు మా నాయినదే.
నేనే ఎక్కువ పెరిగిన.
మార్కెట్టు పొయ్యేదాక
రోజుకు రెండు వందల మాట్ల వంగిన
మా నాయిన కొలతకు."

కాసేపు టేపు చుట్టుకోలేదు.
రాసింది కొట్టేశాను.
ఇది రాయడానికి ఫారంలో వేరే గడి లేదు.

"గీత ఏడిదాక వస్తది సారూ?"
"ఎడమ కమాను దాకా."
"అటు రెండో?"
"ఉంటాయి."

తల ఊపాడు, ఎవరిదో బేరం కుదిరినట్టు.
మళ్లీ కూర్చుని,
చెవి పోయిన ఎవరి తాళాన్నో చెవి దగ్గర పెట్టుకుని విని,
కొత్త చెవికి పళ్లు కోయసాగాడు
ఆకురాయితో,
ఏదీ కొలవకుండా.