చింపిన అంచు

లారీ కాశీనగరం దాటేసరికి వాన.
గుణుపురంలో దించేసరికి ఏడూ నలభై.
తొమ్మిదికి తెర లేవాలి.
రాజదర్బారు పద్నాలుగు ముక్కలై
తడి గోనెల కింద పడుకుని ఉంది.

స్తంభాలు నిలబెట్టాం, తోరణం ఎత్తాం.
మైదానం ఒకపక్క దిగినట్టుంది,
పై అంచు నగిషీ బద్దలు రెండూ
మొన్నటిదాకా అన్నదమ్ముల్లా కలిసున్నవి
ఇక్కడ మొహాలు తిప్పుకున్నాయి.
మధ్యన వేలెడు సందు.
సందులోంచి వెనకాలి బల్బు,
బల్బు కింద బీడీ కాలుస్తున్న మహామంత్రి.

నాకిది మూడో ఆట.
తెలివిగా రంపప్పొట్టులో జిగురు కలిపి
కూరబోయాను.
"అది ఆరీసరికి రాజ్యం పోతాదిరా" అన్నాడు దండాసి మావ.
నోట్లో నాలుగు మేకులు,
మాటలు వాటి పక్కనుంచి తప్పుకుని వస్తాయి.
"సందుని పూడ్చకు. ముందు ఎనకాల నల్లగుడ్డ కట్టు.
నీకు కనిపిస్తన్నది సందు కాదు, ఎలుతురు."

కట్టాను. మంత్రి మాయమయ్యాడు.
ఇక గుడ్డ పేలిక కావాలన్నాడు.
కత్తెర తీశాను.
చేతిమీద ఒకటిచ్చాడు.
"కోసిన అంచు కంటికి గుచ్చుకుంటాది. చింపు."
తన పాత పంచె చెంగు పంటితో పట్టి
చర్రున లాగాడు.
చుట్టూ దారాలు వేలాడే పేలిక.
మైదాగంజిలో ముంచి, సందు మీద అడ్డంగా పరిచి,
మధ్యనుంచి చివరలకి బొటనవేలితో
పసిగుంటకి నూనె రాసినట్టు
ఒత్తుకుంటూ పోయాడు.
దారాలు చెక్కమీద ఒరిగాయి.
గుడ్డ ఎక్కడ ఆగిందో
పక్కనున్న నాకే తెలీలేదు.

తడిమీదే రంగు. పసుపు, పైన కాస్త కావి,
ఉబ్బిన చోట సున్నపు చుక్క.
ఎనిమిదీ యాభై రెండు.
మైకులో ఒకసారి ఒడియాలో, ఒకసారి తెలుగులో
దయచేసి కూర్చోండి, కూర్చోండి.
చూడ్డానికొచ్చిన కాలేజీ లెక్చరరు
"ఈ ఊరు కూడా ఒక అతుకే కదండీ" అన్నాడు.
మావ అన్నాడు: "కొంచెం జరగండి బాబూ, నిచ్చెన."

తెర లేచింది.
పాణిగ్రాహి గారు పద్యం అందుకున్నారు.
రాగం వంశధార గట్టుదాకా వెళ్లి
తీరిగ్గా తిరిగొచ్చింది.
జనం రాజుని చూశారు.
నేను జానెడు బద్దని చూశాను, మూడు గంటలు.
రెండో అంకంలో పేలిక మూల ఒకటి లేచింది,
వెక్కిరిస్తున్న నాలికలా.
ముందు వరసలో మిక్చరు పొట్లంతో ఒక గుంట
తలెత్తింది.
నా గుండె ఆగింది.
గుంట పల్లీ ఏరుకుని నోట్లో వేసుకుని
మళ్లీ రాజుకేసి తిరిగింది.
తర్వాత రాణి ఏడ్చింది, గుణుపురం మొత్తం ఏడ్చింది.
ఎందుకో నాకు ఇప్పటికీ తెలీదు.

రెండున్నరకి విప్పడం మొదలుపెట్టాం.
రేపు రాయగడలో ఆట.
సందు వెంట బ్లేడుతో కోశాను,
చెరో సగం చెరో బద్దకి.
కోసిన చోట టార్చి వేస్తే పొరలు:
మావ పంచె, దాని కింద ఏదో ఊరి సిమెంటు సంచి,
దాని కింద నీలం, నాటకాల కరపత్రం,
అన్నిటికీ అడుగున
చిన్న చిన్న పువ్వుల వాయిలు చీర.

"ఇది?" అన్నాను.
"మీ అత్తది. పర్లాకిమిడిలో. గుడ్డ దొరక్కపోతే
కట్టుకున్నదే చింపిచ్చింది."
అత్తని నేను చూళ్లేదు.
దండవేసిన ఫోటోలో చూశాను.
పువ్వు ఒకటి సరిగ్గా మధ్యకి తెగింది.

"రాయగడలో నేల చదునేనా మావా?"
"ఏమో. బద్దలు ఎత్తు."
గోనెలో చుట్టి, తాడు బిగించి, పైకి అందించాను.
దిగేటప్పుడు చూసుకుంటే
పంచెలో మిగిలిన ముక్క
ఎప్పుడు కుక్కాడో, నా జేబులో ఉంది.